రెండు పుట్టుమచ్చలు, ఒక గ్రూపు

పదో తరగతి పరీక్ష రాసే ప్రతి పిల్లాడి గురించీ ప్రభుత్వం దగ్గర ఉండే సొంత వివరాలు రెండే. రెండూ పుట్టుమచ్చలు. పేరు నాన్న పెట్టింది, ఇంటిపేరు తాతల నాటిది, పుట్టిన తేదీ ఆధార్‌వాళ్లు ఖరారు చేసింది. ఎవరి పూచీ లేకుండా పిల్లాడు వెంట తెచ్చుకున్నవి ఆ మచ్చలొక్కటే. నామినల్ రోల్స్ పంపే రోజుల్లో గంపలగూడెం మండలంలో ఏ హైస్కూలుకి వెళ్లినా క్లాసు క్లాసంతా చొక్కా చేతులు పైకి మడుచుకుని, మెడలు వంచి, ఒకరి మోచేతులు ఒకరు వెతుకుతూ కనబడతారు. రెండో మచ్చ దొరకనివాడు బిక్కమొహం వేస్తాడు. "ఎడమ చెంప మీద అని రాసెయ్యరా, ఎవరొచ్చి చూస్తారు" అని పక్కవాడు ధైర్యం చెబుతాడు. "ఒకటే ఉంటే పరీక్ష రాయనివ్వరా సార్?" అని అడిగే అమాయకుడు ప్రతి బ్యాచ్‌లోనూ ఒకడుంటాడు. అతడికి జవాబు చెప్పే తీరిక క్లాస్ టీచర్‌కి ఉండదు. ఆధార్‌లో ఉన్న పేరుకీ, రిజిస్టర్‌లో ఉన్న పేరుకీ మధ్య ఒక్క అక్షరం తేడా వచ్చి ఆయన మూడు రోజులుగా అన్నం సరిగా తినలేదు.

అమెరికాలో ఈ పని ఇంకోలా చేస్తారు. డాలస్ పక్కన ఫ్రిస్కోలోనో, న్యూజెర్సీలో ఎడిసన్‌లోనో స్థిరపడ్డ మనవాళ్ల పిల్లలు హైస్కూలు ముగించే ఏడాది బడి తరఫున రంగుల పుస్తకం ఒకటి వస్తుంది. ఇయర్‌బుక్ అంటారు. ప్రతి పిల్లకీ ఫొటో, తోచిన నాలుగు మాటలు, ఏ ఆట ఆడింది, ఏ క్లబ్బులో తిరిగింది, రేపు ఏమవుదామనుకుంటోంది, అన్నీ అందులో ఉంటాయి. తోటిపిల్లలే ఓట్లేసి "అందరికంటే బాగా నవ్వించేవాడు", "తప్పకుండా పైకొచ్చే పిల్ల" అని బిరుదులు ఇచ్చుకుంటారు. మనకూ ఇలాంటివి లేకపోలేదు. ఆటోగ్రాఫ్ బుక్కు, స్లామ్ బుక్కు అని పిల్లలు సొంత డబ్బులతో కొనుక్కుని, ఇష్టమైన హీరో, ఇష్టమైన రంగు, ఎయిమ్, హాబీ అని రాసుకుంటారు. కాకపోతే ప్రీఫైనల్స్ నాటికి అవన్నీ హెడ్మాస్టర్ గదిలో బీరువా పైన ఉంటాయి. అందుకని ఈ వారం ఈ కాలమ్‌నే మండలం ఇయర్‌బుక్‌గా ప్రకటిస్తున్నాను. వ్యక్తిత్వం, కాలక్షేపం, ఆశయం, వరసగా నింపుదాం.

వ్యక్తిత్వం గురించి పెద్దగా ఆలోచించే పని లేదు. దసరా సెలవుల నాటికే బడివాళ్లు తేల్చేస్తారు. ఎ, బి, సి, డి. ఎ అంటే బడి పరువు. ఆ పిల్లకి జలుబు చేస్తే స్టాఫ్ రూమంతా తుమ్ముతుంది. బి, సి అంటే హాజరు పట్టీలో అంకెలు. డి అంటే సారువాళ్లు తలా ఇద్దరు ముగ్గురిని దత్తత తీసుకుని, తెల్లవారుజామున ఫోన్ చేసి "లేచావా?" అని అడగాల్సిన కోటా. "లేచాను సార్" అని దుప్పట్లోంచే చెప్పే విద్య మాత్రం డి గ్రేడులో అందరికీ పూర్తిగా వచ్చు. పైవాళ్లకు మెరిసే ఏర్పాటు కూడా ఉంది. ఎక్కువ మార్కులు తెచ్చుకున్నవాళ్లకు ప్రభుత్వం 2025లో 'షైనింగ్ స్టార్స్' పేరుతో పతకాలూ, 20 వేల రూపాయలూ ఇచ్చింది. సంతోషమే. మెరవని నక్షత్రాలకు 35 మార్కులు.

ఆ డి గ్రేడులో ఒకణ్ణి చూపిస్తాను. పేరెందుకు, ప్రతి ఊళ్లోనూ ఉన్నాడు. పొలంలో త్రీఫేజ్ మోటారు కాలిపోతే మెకానిక్ తిరువూరు నుంచి వచ్చేలోపే స్టార్టర్ విప్పి, ఏ ఫేజ్ పోయిందో చెబుతాడు. మిరపతోటకి మందు కొట్టే పవర్ స్ప్రేయర్ మొరాయిస్తే నాలుగు ఇళ్లవాళ్లు వాడికోసం బడి గేటు దగ్గర కాసుకుని ఉంటారు. ఫిజిక్స్‌లో విద్యుత్తు పాఠం మీద పెట్టిన స్లిప్ టెస్ట్‌లో వాడికి 20కి 4 వచ్చాయి. ఓమ్ నియమం నిర్వచించలేకపోయాడట. ఇంకో పిల్ల ఉంది. అమ్మ డ్వాక్రా సంఘం లెక్కలన్నీ ఏడో తరగతి నుంచి తనే రాస్తోంది. అప్పు, పొదుపు, వడ్డీ, ఎవరు ఎన్ని కిస్తీలు ఎగ్గొట్టారో పుస్తకం తెరవకుండానే చెబుతుంది. బ్యాంకు మేనేజరే ఆ పిల్లని చూస్తే సర్దుకుని కూర్చుంటాడు. సంఘంలో ఇద్దరాడవాళ్లు కొట్టుకుంటే ఈవిడే పంచాయితీ తీరుస్తుంది. ఆమెకు వచ్చిన గ్రేడు బి మైనస్. "మ్యాథ్స్‌లో ఇంకా కష్టపడాలి" అని ప్రోగ్రెస్ కార్డులో ఎర్రసిరాతో రాశారు.

ఐదేళ్లు ఒకే బడిలో తిరిగిన ఈ ఇద్దరికీ చివర ఇచ్చే టీసీలో ప్రవర్తన అనే గడి ఒకటుంటుంది. అందులో 'గుడ్' అని రాస్తారు. పక్కవాడి టిఫిన్ బాక్సు రోజూ దొంగిలించినవాడికీ గుడ్డే.

కాలక్షేపం దగ్గర ఇయర్‌బుక్‌లో అర పేజీ మిగిలిపోతుంది. పదో తరగతి పిల్లలకు కాలక్షేపం ఉండకూడదని వందరోజుల ప్రణాళిక చెబుతుంది. పొద్దున స్టడీ అవర్, సాయంత్రం స్టడీ అవర్, మధ్యలో స్లిప్ టెస్ట్, ఆదివారం వస్తే అదనపు క్లాసు. పీఈటీ పీరియడ్‌ని మ్యాథ్స్ సారు అప్పు తీసుకుంటారు. ఆ అప్పు తీరిన దాఖలా నాకు తెలిసి ఎక్కడా లేదు. బ్యాటు అటక ఎక్కుతుంది. ఈత మాత్రం పిల్లల చేతుల్లో గానీ, సారు చేతుల్లో గానీ లేదు. మనది సాగర్ ఎడమ కాలువ చివరి ప్రాంతం కనుక నీళ్లు వదిలితే ఈత, వదలకపోతే అదే కాలువలో క్రికెట్. వానాకాలం కట్లేరు పొంగినప్పుడు దారులు తెగి, బడికి వెళ్లే పని లేకుండా దొరికే సెలవే పిల్లలకు అసలైన పండగ. ఫోన్ ముట్టుకోవద్దని ఇంట్లో గట్టిగానే చెబుతారు. ముఖ్యమైన ప్రశ్నలు వాట్సాప్ గ్రూపులో పెట్టామని బడివాళ్లు అంతే గట్టిగా చెబుతారు. ఈ రెండు ఆజ్ఞల మధ్య సందులోంచి రీల్స్ పుడతాయి. నెమలి వేణుగోపాలస్వామి గుడి మెట్ల మీద తీసినన్ని రీల్స్ లెక్క దేవాదాయశాఖ దగ్గర ఉంటే హుండీ ఆదాయం కంటే అదే పెద్దదిగా తేలేది.

ఇక ఆశయం. పత్రికల్లో పనిచేసేవాణ్ణి కాబట్టి ఇక్కడ మా పాత్ర గురించి ముందు చెప్పాలి. ఫలితాలొచ్చిన మర్నాడు జిల్లా పేజీ తీసి చూడండి. అటు అమ్మ, ఇటు నాన్న, నోటి నిండా కుక్కిన స్వీటుతో మధ్యలో పిల్ల. కింద ఒకే వాక్యం: ఐఐటీలో సీటు సాధించి, ఆ తర్వాత ఐఏఎస్ అయి పేదలకు సేవ చేయడమే లక్ష్యం. పేర్లు మారతాయి, ఊళ్లు మారతాయి, వాక్యం మారదు. విలేకరి ఫోన్ చేసేసరికి పిల్ల ఇంకా నిద్రలేవకపోయినా ఇబ్బంది లేదు, వాక్యం మా దగ్గర సిద్ధంగానే ఉంటుంది. కలెక్టర్ కావడానికి ఐఐటీ దాకా ఎందుకు వెళ్లాలో ఎవరూ అడగరు. ఆ పేదలు ఎవరో కూడా అడగరు. నాకు తెలిసి వాళ్లలో ఒకాయన ఆ ఫొటోలోనే ఉంటాడు, కూతురికి స్వీటు పెడుతూ. మూడెకరాలు కౌలుకు చేస్తున్నాడు.

2025 ఏప్రిల్ 23న వచ్చిన ఫలితాల్లో 6,14,459 మంది రాస్తే 4,98,585 మంది పాసయ్యారు. వీళ్లలో పదోవంతు మంది ఆ వాక్యాన్ని నిజంగా నమ్మినా సుమారు యాభైవేల మంది కలెక్టర్లు తయారవుతారు. 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలను 26 చేసి, మనల్ని కృష్ణా నుంచి ఎన్టీఆర్ జిల్లాకు మార్చినప్పుడు పరిపాలనా సౌలభ్యం కోసమన్నారు. నాకెందుకో ఈ పిల్లలను దృష్టిలో పెట్టుకునే చేశారనిపిస్తుంది. ఇంకా చాలా జిల్లాలు కావాలి. పెనుగొలను జిల్లా, ఊటుకూరు జిల్లా, వినగడప జిల్లా.

నిజానికి ఆశయం ఆ ఫొటో కంటే చాలా ముందే ఖాయమైపోతుంది. 2025లో రంజాన్ వల్ల సోషల్ పరీక్ష ఒకరోజు వెనక్కి జరిగి, ఏప్రిల్ 1న పరీక్షలు ముగిశాయి. ఇంటర్ ప్రవేశాలు ఏప్రిల్ 7న మొదలయ్యాయి. ఫలితాలేమో 23న. పిల్ల పదోతరగతి పాసైందో లేదో తెలియకముందే పదకొండులో కూర్చుంది. ఇంత వేగం అవసరమా అనకండి, ప్రైవేటు కాలేజీల పీఆర్వోలు అంతకంటే వేగంగా ఉన్నారు. వాళ్లు సంక్రాంతికే వస్తారు. అరిసెల పళ్లెం ముందు పెట్టుకుని బ్రోచర్ తెరుస్తారు.

"అన్నా, పాపకి ఎన్నొస్తాయి అనుకుంటున్నారు?"

"ఐదొందల యాభై దాటతయ్యంటున్నారు సార్ బడివాళ్లు."

"అయితే బైపీసీ పెట్టించండి. నీట్ మాకొదిలేయండి. ఇప్పుడు రాయించుకుంటే ఫీజులో పదివేలు తగ్గిస్తా, మా ప్రిన్సిపాల్ సారుతో నేను మాట్లాడుకుంటా."

"పాపేమో లెక్కలంటే ఇష్టం అంటది సార్..."

"లెక్కలదేముంది అన్నా, ఇంట్లో ఎవరో ఒకరు డాక్టరుండాలి కదా."

పాప ఈ సంభాషణ జరుగుతున్నంతసేపూ వంటింటి గుమ్మం దగ్గరే నిలబడి ఉంటుంది. టీ గ్లాసులు తీసుకెళ్లడానికి తప్ప ఎవరూ పిలవరు.

ఈ బైపీసీ, ఎంపీసీ తగాదా ఇళ్లల్లో కాపురాలు కూల్చే స్థాయికి వెళ్లిందని ఇంటర్ బోర్డుకీ తెలిసినట్టుంది. 2025-26 నుంచి లెక్కలూ, జీవశాస్త్రమూ కలిపి చదివే ఎంబైపీసీకి వీలు కల్పించింది. నాన్న ఇంజినీరన్నాడు, అమ్మ డాక్టరంది, ఇద్దరి మాటా నెగ్గింది. చదివేవాళ్లు ఒక్కరే కాబట్టి ఓటింగులో వాళ్లు మైనారిటీ.

ఎంత చేసినా చివరి మాట మామిడికాయదే. ఇక్కడ బంగినపల్లి కోతకొచ్చే రోజులూ, పదోతరగతి ఫలితాలూ ఒకేసారి వస్తాయి. నున్న మార్కెట్లో టన్ను ధర బాగుంటే విజయవాడలో ఏసీ హాస్టల్. ధర జారితే ఏసీ లేని హాస్టల్. ఈదురుగాలి కొట్టి కాయ రాలిపోతే, "గవర్నమెంటు కాలేజీలో మాత్రం చదువు చెప్పరా ఏంటి" అన్న జ్ఞానోదయం. కాయ లేదు, ధరా లేదు అంటే పాలిసెట్. ఇంత ఖచ్చితంగా కెరీర్ గైడెన్స్ ఇచ్చే సైకాలజిస్టు అమెరికాలో కూడా దొరకడు. మిరప రైతుల పిల్లల భవిష్యత్తు గుంటూరు యార్డులో తేలుతుంది. ఆ వివరాల్లోకి వెళితే కన్నీళ్లు వస్తాయి. మిరప కదా.

ఈ మార్కెట్ గొడవేదీ లేకుండా పిల్లలు తమంతట తాము కోరుకునేది ఒకటుంది. నూజివీడు ట్రిపుల్ ఐటీ. 2008లో పెట్టారు. పదో తరగతి మార్కుల మీదే సీటు, ఆరేళ్లు అక్కడే చదువు, బయటికొచ్చేసరికి బీటెక్. ప్రభుత్వ బడి పిల్లలకు 4 శాతం అదనంగా కలుపుతారు. తన బడిలో చదివినందుకు సర్కారు తనే పరిహారం చెల్లించడం దేశంలో ఇంకెక్కడైనా ఉందో లేదో గానీ, మన డ్వాక్రా లెక్కల పిల్లకి అది అక్కరకొచ్చే దారి. ఆ సీటు వచ్చిన ఇంట్లో పీఆర్వోకి అరిసెలు పెట్టరు.

ఆడపిల్లల విషయంలో ఇంకో ఆశయం కూడా నడుస్తుంటుంది. పీఆర్వో కంటే ముందే వచ్చే పెళ్లిళ్ల పేరయ్యది. 2022 అక్టోబరు నుంచి కల్యాణమస్తు సాయం కావాలంటే వధూవరులిద్దరూ పదో తరగతి పాసై ఉండాలని అప్పటి ప్రభుత్వం షరతు పెట్టింది. పిల్లల్ని బడి మాన్పించకుండా చూడాలని మంచి ఉద్దేశంతోనే పెట్టింది. కానీ ఆ షరతును అటువైపు నుంచి చదివిన పెద్దమనుషులు కొందరు నాకు తారసపడ్డారు. "పది పాసైందిగా, ఇంకేం కావాలి?" దీని మీద జోకు వేయడం నాకు చేతకాలేదు, వదిలేస్తున్నాను.

మోటారు బాగుచేసే కుర్రాడి ఎయిమ్ ఏమిటో ఎక్కడా అచ్చు కాలేదు కాబట్టి నేనే అడిగాను. "ఏముంది బాబాయ్, సెంటర్లో షాపు పెడతా, రివైండింగ్ కూడా నేర్చుకుంటా" అన్నాడు. ఇంట్లో చెప్పావా అన్నాను. "చెబితే ఎంపీసీలో చేర్పిస్తరు" అన్నాడు. అప్పటికే చేర్పించారు. అడ్వాన్సు కట్టేశారు, వాడికింకా తెలియదు.

కాబట్టి మండలంలోని తల్లిదండ్రులకు ఒక మనవి. ఈసారి మీ గుమ్మం ముందు కారు ఆగి, మెడలో ట్యాగుతో ఎవరైనా దిగితే మర్యాద తక్కువ చేయకండి. కుర్చీ వేయండి, మంచినీళ్లివ్వండి, సీజనైతే మామిడిపండు కోసి పెట్టండి. ఫీజు మాట ఎత్తబోతే మాత్రం ఒక్క నిమిషం ఆపి, పిల్లనో పిల్లాడినో పిలిచి ఆయన పక్కనే ఇంకో కుర్చీ వేసి కూర్చోబెట్టండి.