అంటిగ్వా వెళ్ళేవారికి కొన్ని సలహాలు

గోవా పాతబడింది, దుబాయ్ మరీ పక్కవీధి అయిపోయింది. ఇప్పుడు సూరత్‌లో డబ్బున్నవాడి నోట వినిపించే సెలవుల ఊరు కరీబియన్ దీవి. అదీ మామూలు సెలవు కాదు, రెండో పాస్‌పోర్టు కలిపి ఇచ్చే సెలవు. ప్రకటన మీరూ చూసే ఉంటారు: నీలం సముద్రం, కొబ్బరిచెట్టు, చెట్టు కింద తెల్లబట్టల్లో ఒక చల్లని కుటుంబం, అడుగున సన్నటి అక్షరాల్లో రుసుము. దానికి తోడు ఈ మధ్య 'నిబంధనలు మారకముందే త్వరపడండి' అన్న తొందర ఒకటి. ఇంత గొప్ప అవకాశం గురించి తెలుగులో పనికొచ్చే యాత్రా సలహాలు ఎవరూ రాయకపోవడం అన్యాయం. ఆ సూరత్‌లోనే లింబాయత్‌లో, పర్వత్ పాటియాలో, పాండేసరాలో మరమగ్గాల మోత మధ్య బతుకుతున్న మన కరీంనగర్, వరంగల్ వాళ్ళకి ఇవి అక్కరకు రావని తెలుసు. అక్కరకు రాని సలహాలు ఇవ్వకూడదని రూలు పెడితే పత్రికల్లో సగం పేజీలు ఖాళీ.

ముందు తేలిక విషయాలు. అంటిగ్వాలో కూడా బండి ఎడమవైపే నడుపుతారు, బ్రిటిష్‌వాళ్ళు ఇద్దరికీ నేర్పిపోయిన అలవాటు. చెల్లేది తూర్పు కరీబియన్ డాలరు. 1976 నుంచీ ఒక అమెరికా డాలరుకు 2.70 చొప్పున కట్టేసి ఉంచారు కాబట్టి, రూపాయి సంగతిలా పొద్దున్నే పేపరు చూసి దిగులుపడే పని లేదు. జూన్ నుంచి నవంబరు దాకా తుపాన్ల కాలం, పోవద్దు. ఏడాదిలో రోజుకొకటి చొప్పున 365 బీచ్‌లున్నాయని ఆ దీవి చెప్పుకుంటుంది. ఇన్నాళ్ళూ డుమస్ నల్ల ఇసుకతో సరిపెట్టుకున్న ఊరికి ఇది పెద్ద మాటే. ఒక్క జాగ్రత్త మాత్రం తప్పనిసరి. సైనికులు వేసుకునే ఆకుపచ్చ మచ్చల గుడ్డలు అక్కడ మామూలు మనుషులు వేసుకోవడం నేరం, చిన్నపిల్లల చొక్కా అయినా సరే. చెట్టూ చేమల్లో కలిసిపోయి కనపడకుండా పోయే హక్కు సైన్యానికొక్కదానికే ఉంది. అయితే ఆ నిషేధం బట్టల వరకే. దేశం మార్చి కనపడకుండా పోవాలనుకునేవారి కోసం ప్రభుత్వంలో ఒక విభాగమే పనిచేస్తోంది, దరఖాస్తు ఫారం కూడా ఉంది.

ఇక అసలు ప్రశ్న: ఎన్నాళ్ళుండాలి? అయిదు రోజులు. ఏడాదికి కాదు, అయిదేళ్ళకి. 2013లో పథకం పెట్టినప్పుడు 35 రోజులన్నారు. కొనేవాళ్ళకి అది మరీ భారమైందని కాబోలు, 5కి దించారు. అయిదేళ్ళంటే 1,826 రోజులు. అందులో అయిదు తీసేస్తే మిగిలిన 1,821 రోజులూ ఆ దేశం ముఖం చూడకుండానే ఆ దేశ పౌరుడిగా ఉండొచ్చు. సెలవుకి వెళ్ళిన ప్రతివాడూ ఇంతకంటే ఎక్కువే ఉంటాడు. హోటళ్ళ ప్యాకేజీలే ఆరు రాత్రులు, ఏడు పగళ్ళు. అంటే పర్యాటకుడిగా వెళ్ళేవాడు పౌరుడికంటే ఎక్కువకాలం ఆ గాలి పీల్చి వస్తాడన్నమాట. 2025లో పౌరసత్వం అమ్మే అయిదు దీవులూ (అంటిగ్వా, డొమినికా, గ్రెనడా, సెయింట్ కిట్స్, సెయింట్ లూసియా) కలిసి దీన్ని 30 రోజులు చేద్దామనుకునేసరికి ఏజెంట్ల గుండె గుభేలుమంది. ముప్పై రోజులా! అయిదేళ్ళలో నెలరోజులు సొంత దేశంలో గడపమనడం ఏం న్యాయం? 'త్వరపడండి' అన్న కేక వెనకున్న కంగారు ఇదే.

ఈ అయిదు రోజుల లెక్కని వదలబుద్ధి కావడం లేదు. సూరత్‌లో మగ్గం నడిపే తెలుగువాడు ఏటా రెండుసార్లు ఊరికెళ్తాడనుకుందాం, దసరాకొకసారి, మేనకోడలి పెళ్ళికో చావుకో ఇంకోసారి. నవజీవన్ ఎక్స్‌ప్రెస్‌లో సూరత్ నుంచి వరంగల్ దాకా దాదాపు ఒక పూర్తి రోజు. రానూ పోనూ కలిపి ఏడాదికి నాలుగు రోజులు రైల్లోనే. అయిదేళ్ళకి ఇరవై. అంటిగ్వా కొలత ప్రకారం చూస్తే ఈ మనిషి జనరల్ బోగీలో కక్కసు తలుపు పక్కన కూచుని నాలుగు పౌరసత్వాలు సంపాదించేశాడు. రైలు శాఖవారు మాత్రం ఇంకా ఇవ్వలేదు. రిజర్వేషను దొరికితే అదే పౌరసత్వం. 2024 నవంబరు నుంచి 60 రోజుల ముందు నుంచి మాత్రమే టిక్కెట్టు తీసుకోవాలన్నారు, చావు కబురు అంత ముందుగా రాదు.

ఆ అయిదు రోజులూ ఎలా గడపాలన్నది కూడా చెప్పాలి కదా. మొదటి రోజు ప్రమాణ స్వీకారం: ఎన్నడూ చూడని జెండా ముందు, పూర్తిగా రాని పాటకి నిలబడి విధేయత ప్రకటించడం. రెండో రోజు వకీలు. మూడో రోజు బ్యాంకు. నాలుగో రోజు వివియన్ రిచర్డ్స్ పేరుమీదున్న స్టేడియం ముందు ఫొటో, ఎందుకంటే వెనక్కి వచ్చాక ఏం చూశావని అడుగుతారు. అయిదో రోజు విమానాశ్రయం. ఇంత హడావుడిలో సముద్రం చూడ్డం కుదరకపోయినా బాధ లేదు. ఖర్చు సంగతికొస్తే, దేశాభివృద్ధి నిధికి కట్టాల్సిన విరాళం 2,30,000 అమెరికా డాలర్లు. రిజర్వు బ్యాంకు ఒక మనిషిని ఏడాదికి దేశం బయటికి పంపనిచ్చేది 2,50,000. ఎంత ముచ్చటగా అమిరిందో చూడండి, దారిఖర్చులకి చిల్లర కూడా మిగిలింది.

చివరి సలహా: సాయంత్రం పూట పక్క దీవికి పడవ షికారు వద్దు. 2021 మే నెలలో, ఇండియా వదిలిపోయిన వజ్రాల వ్యాపారి మెహుల్ చోక్సీ అంటిగ్వాలో మాయమై డొమినికాలో తేలారు. తనను ఎత్తుకొచ్చారని ఆయన అన్నారు, దొంగతనంగా దిగాడని ఆ దేశం అంది. ఆయన్ని తీసుకురావడానికి ఇక్కణ్ణుంచి వెళ్ళిన ప్రత్యేక విమానం కొన్నాళ్ళు ఎదురుచూసి ఖాళీగా తిరిగొచ్చింది. ఆ విమానానికి సలహా ఇచ్చేవాళ్ళు లేకపోయారు.

ఇక్కడితో వెటకారం చాలు. చోక్సీకి అంటిగ్వా పౌరసత్వం వచ్చింది 2017 నవంబరులో. దానికి రెండు నెలల ముందు, సెప్టెంబరులో, ఇర్మా తుపాను అదే దేశంలోని బార్బుడా దీవిని నేలమట్టం చేసింది. అక్కడ పుట్టిపెరిగిన దాదాపు 1,800 మందినీ పడవలెక్కించి తరలించారు, దీవిలో మనిషి మిగల్లేదు. తరతరాలుగా ఉన్నవాళ్ళు తమ ఇంటికి ఎప్పుడు పోతామో తెలియక పక్క దీవి శిబిరాల్లో ఉన్న రోజుల్లోనే, ముంబైలో కూచున్న వజ్రాల వ్యాపారి అదే దేశానికి సొంత బిడ్డ అయ్యాడు. 2018 జనవరి 4న ఇండియా వదిలాడు, 15న అక్కడ ప్రమాణం చేశాడు, నెలాఖరుకి పంజాబ్ నేషనల్ బ్యాంకు కుంభకోణం బయటపడింది. ఆయనా, మేనల్లుడు నీరవ్ మోదీ కలిసి ముంచారన్న సొమ్ము సుమారు 13,500 కోట్లు. ఇద్దరూ తమ తప్పు లేదనే అంటున్నారు, కోర్టులు తేలుస్తాయి. తేలకుండానే తెలిసిన విషయం ఒకటుంది. రంగారెడ్డి జిల్లా రావిర్యాలలో చోక్సీ కంపెనీ గీతాంజలి వాళ్ళ హైదరాబాద్ జెమ్స్ సెజ్‌ని, 170 ఎకరాలని, 2018లో ఈడీ జప్తు చేసింది. సానబట్టే పని నేర్చుకుని అక్కడ చేరిన కుర్రాళ్ళూ ఆడపిల్లలూ జీతాల బకాయిల కోసం గేటు ముందు నిలబడ్డారు. వాళ్ళకి రెండో పాస్‌పోర్టు సంగతి దేవుడెరుగు, రెండో నెల జీతం రాలేదు.

మరి చోక్సీకి ఆ పౌరసత్వం ఎలా వచ్చింది? అంటిగ్వా వాళ్ళు 2018 ఆగస్టులో చెప్పిన మాట ఇది: ముంబై పాస్‌పోర్టు కార్యాలయం నుంచి వచ్చిన పోలీసు ధ్రువపత్రంలో ఆయన మీద చెడ్డ మాట ఒక్కటీ లేదు. ఇక్కడే ఒళ్ళు మండుతుంది. సూరత్‌లో ముప్పై ఏళ్ళుగా అద్దె గదిలో ఉన్న నేత కార్మికుడి కొడుకు గల్ఫ్‌లో ఉద్యోగం కోసం పాస్‌పోర్టు అడిగితే, అద్దె ఒప్పందం ఏదీ, కరెంటు బిల్లు ఎవరి పేరున ఉంది, ఊళ్ళో చిరునామా ఒకటి ఇక్కడ ఒకటి ఎందుకున్నాయి అని సవాలక్ష ప్రశ్నలు. కుల ధ్రువపత్రం కావాలంటే మళ్ళీ సొంత మండలం తహశీల్దారు మెట్లే ఎక్కాలి. మునిసిపల్ కార్పొరేషన్ తెలుగు మీడియం బడి నడుపుతుంది, ఆ బడిలో చదివిన పిల్లవాణ్ణి మాత్రం ఏ ఊరివాడివని అడుగుతూనే ఉంటారు. మనిషి దగ్గర డబ్బు ఎంత తక్కువుంటే రాజ్యం అంత దగ్గరికొచ్చి మొహంలో మొహం పెట్టి చూస్తుంది. వేల కోట్లుంటే కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకుంటుంది. ఇది అలసత్వం కాదు, పద్ధతి. విన్‌సమ్ డైమండ్స్ జతిన్ మెహతా సెయింట్ కిట్స్ పౌరుడై బ్యాంకులకి అందకుండా పోయింది చోక్సీకంటే ముందే. ఒకసారి జరిగితే ఏమరుపాటు అనుకోవచ్చు, రెండోసారి ఏమనాలి?

దీనికి మూడు జవాబులు సిద్ధంగా ఉంటాయి. ఒకటి: చిన్న దీవులు, తుపాన్లతో నాశనమైపోతున్నాయి, పాస్‌పోర్టు అమ్ముకుని బడి కట్టుకుంటే మనకేం నొప్పి? నిజమే, మరియా తుపాను తర్వాత డొమినికా లేచి నిలబడ్డది ఈ డబ్బుతో కూడా. చెరకు తోటల బానిసత్వం తప్ప ఏమీ మిగల్చకుండా వెళ్ళిపోయిన బ్రిటన్, 2023 జులైలో డొమినికా పాస్‌పోర్టుకి వీసా పెట్టి నీతులు చెప్పడం మరీ విడ్డూరం. నా తగాదా అమ్మేవాళ్ళతో కాదు. రెండు: కొనేవాళ్ళందరూ దొంగలా? కారు. వీసా క్యూల్లో విసిగిపోయిన ఎగుమతిదారులు చాలామందే ఉంటారు. అయితే ఆ ప్రకటనలు అమ్మేది వీసా సౌకర్యం ఒక్కటే అయితే 'రేపేమైనా జరిగితే' అన్న మాట ప్రతి దాన్లోనూ ఎందుకు? రేపు ఏం జరుగుతుందని భయం, ఎవరు చేసిన దానివల్ల? మూడోది అన్నిటికంటే తెలివైనది: తెలంగాణ నుంచి సూరత్ రాలేదా, సూరత్ నుంచి అంటిగ్వా పోతే తప్పా, వలస అందరి హక్కు. వలస హక్కే. కానీ సూరత్ వచ్చినవాడు పన్నెండు గంటల షిఫ్టు చేసి, మీటరుకింత అని తీసుకుని, ఆ ఊరి చీరల వ్యాపారాన్ని తన ఊపిరితిత్తుల్లోని నూలుపొట్టుతో నిలబెట్టాడు. అంటిగ్వా పోయినవాడు అక్కడ నాటింది ఏమిటి, అయిదు రోజుల్లో? వలసపోయినవాడు ఊళ్ళో అప్పు తీర్చడానికి పోతాడు. వీళ్ళు తీర్చకుండా ఉండటానికి పోయారన్నదే కేసు.

ఇక్కడే మిగిలిపోయినవాళ్ళ సంగతి చూడండి. ప్రపంచంలో పది వజ్రాలుంటే తొమ్మిది సానబట్టే ఊరు సూరత్. 2023 డిసెంబరులో పెంటగాన్‌కంటే పెద్దదని చెప్పి డైమండ్ బోర్స్ భవనం తెరిచారు, 67 లక్షల చదరపు అడుగులు. తర్వాత గిరాకీ పడిపోయి, సానపట్టే రత్నకళాకారులు ఉద్యోగాలు పోయి, కొందరు ప్రాణాలూ తీసుకున్నాక, 2025 మే నెలలో గుజరాత్ ప్రభుత్వం సహాయ ప్యాకేజీ ప్రకటించింది. పని పోయినవాడి పిల్లల బడి ఫీజు, ఒక ఏడాదికి, గరిష్ఠంగా 13,500 రూపాయలు. అదే అంకె. పక్కన కోట్లు మాత్రం లేదు. దానికి కూడా పని పోయినట్టు రుజువు పట్టుకురమ్మన్నారు, చీటీ రాయకుండా పనిలోంచి తీసేసిన యజమాని రుజువెందుకిస్తాడు?

పారిపోయిన ఆర్థిక నేరస్థుల చట్టమని 2018లో ఒకటి చేశారు. వంద కోట్లు, ఆపైన ఉంటేనే అది పట్టుకుంటుంది. 99 కోట్లకి మీరు పర్యాటకులే. లింబాయత్‌లో గది ఖాళీ చేసేవాడు కిరాణా ఖాతా కట్టి, ఇంటి ఓనరు బాకీ తీర్చి, అప్పుడు సామాను ఆటో ఎక్కిస్తాడు. దేశం ఖాళీ చేసేవాణ్ణి బ్యాంకు బాకీ తీర్చావా అని ఎవరడుగుతారు? 1955 పౌరసత్వ చట్టం తొమ్మిదో సెక్షను ప్రకారం పరాయి దేశ పౌరసత్వం తీసుకున్న క్షణానే మన పౌరసత్వం దానంతటదే పోతుంది, ఎవరూ ఏమీ అడగక్కర్లేకుండా. అది పోయిన పద్నాలుగు నెలలకి, 2019 జనవరిలో, మెహుల్ చోక్సీ తన భారతీయ పాస్‌పోర్టుని గయానా రాజధాని జార్జ్‌టౌన్‌లోని మన హైకమిషనులో తిరిగిచ్చారు. దానికి కట్టాల్సిన రుసుము 177 డాలర్లు. అది మాత్రం బాకీ పెట్టలేదు.