ఆ అర ఎక్కడిది?

ఇంజనీరింగ్ మొదటి ఏడాది పిల్లల్ని ఎవర్నైనా పట్టుకుని అర్ధవృత్తం సెంట్రాయిడ్ ఎక్కడుంటుందని అడగండి. రెప్ప వేసేలోగా చెప్పేస్తారు, "నాలుగు ఆర్ బై మూడు పై" అని. బాగానే ఉంది. ఎక్కణ్ణుంచి కొలిచి? అక్కడ కాస్త నసుగుడు. అసలు అదెలా వచ్చింది? "ఫార్ములా అండీ." ఫార్ములా అని నాకూ తెలుసు నాయనా, ఉద్యోగమంతా పాలిటెక్నిక్‌లో అప్లయిడ్ మెకానిక్స్ చెప్పి రిటైరైనవాణ్ణి.

మా రోజుల్లో ఫార్ములా ఆఖర్న వచ్చేది. ముందు బొమ్మ. పెన్సిల్ సన్నగా చెక్కి, స్కేలు పెట్టి అక్షాలు గీసి, బొమ్మ గీసి, ఆ బొమ్మలో ఒక సన్నని పట్టీ గీసి, దానికి హ్యాచింగ్ వేయాలి. పట్టీ లేని బొమ్మ చూపిస్తే మా మాస్టారు లెక్క చూసేవారే కాదు, పుస్తకం మూసి చేతిలో పెట్టేవారు. ఆ పట్టీ నిలువుగా గీస్తావా, అడ్డంగా గీస్తావా అన్నదే అసలు లెక్క. తర్వాత చేసే ఇంటిగ్రేషన్ అంతా గుమాస్తా పని. పనసకాయకి కత్తి ఎక్కడ పెట్టాలో తెలిసినవాడు నూనె రాసుకుని పది నిమిషాల్లో తొనలు తీసేస్తాడు, తెలియనివాడు పొద్దంతా జిగురుతో కుస్తీ పడతాడు. ఇదీ అంతే.

అర్ధవృత్తాన్నే తీసుకోండి. వ్యాసం కింద, విల్లు పైన. సెంట్రాయిడ్ నిలువు మధ్యగీత మీదే ఉంటుందని బొమ్మ చూస్తేనే తెలుస్తుంది, దానికి లెక్క అక్కర్లేదు. ఎంత ఎత్తులో అన్నదే ప్రశ్న. పట్టీలన్నిటి వైశాల్యాన్నీ వాటి వాటి ఎత్తులతో గుణించి కూడాలి, మొత్తం వైశాల్యంతో భాగించాలి. సిద్ధాంతం ఇంతే, ఇందులో దాపరికం ఏమీ లేదు. అడ్డంగా పట్టీ గీస్తే ఆ పట్టీ అంతా ఒకే ఎత్తులో ఉంటుంది కాబట్టి ఎత్తు సూటిగా వై. కానీ దాని పొడవులో వర్గమూలం వచ్చి కూర్చుంటుంది, దాన్ని వదిలించుకోవడానికి ఇంకో ప్రతిక్షేపణ. నిలువుగా గీస్తే? పట్టీ వ్యాసం దగ్గర మొదలై విల్లు దాకా పోతుంది. దాని బరువంతా కొసన ఉన్నట్టు కాదు, నడుమ ఉన్నట్టు. అంటే వై కాదు, అర వై. దాన్ని మళ్లీ పట్టీ ఎత్తు వైతో గుణిస్తే అర వై స్క్వేర్ అవుతుంది. వర్గం రాగానే వర్గమూలం దానంతటదే ఎగిరిపోతుంది. మిగిలింది ఇంటర్ పిల్లాడు చేసే లెక్క. రెండు దారులూ చివరికి ఒకే చోటికి చేరతాయి, వ్యాసార్ధంలో 0.424 వంతు ఎత్తుకి.

ఇప్పటి పిల్లలకి ఆ అర కనబడదు. ఫార్ములాలో అచ్చయి ఉంటుంది కాబట్టి రాస్తారు, గుర్తు లేకపోతే రాయరు. అది పట్టీ నడుములోంచి వచ్చిందని ఎవరూ చెప్పినట్టు లేదు. మా పక్క వాటాలో ఉండే కుర్రాడు సెమిస్టరు పరీక్షల ముందు నా దగ్గరికి వస్తుంటాడు. పది సెంటీమీటర్ల వ్యాసార్ధం ఇచ్చి చేయమన్నాను. అర మర్చిపోయాడు, 8.49 తెచ్చాడు. తెచ్చి, కింద రెండు గీతలు కూడా కొట్టాడు!

"ఏరా, బొమ్మ ఎంత ఎత్తుంది?"

"పది, తాతగారూ."

"ఎనిమిదిన్నర దగ్గర గీత గియ్యి. పైన ఎంత మిగిలింది?"

గీశాడు. చిన్న టోపీ ముక్క. మొత్తం వైశాల్యంలో నూటికి ఏడు పాళ్లుంటుందేమో. ఆ ఏడు పాళ్లు, అదీ గీతకి ఒకటిన్నర సెంటీమీటరు దూరం దాటకుండా, కిందున్న తొంభై మూడు పాళ్లతో ఎలా తూగుతాయి? వాడు తల గోక్కుని, "క్యాలిక్యులేటర్ అంతే చూపించిందండీ" అన్నాడు. క్యాలిక్యులేటర్ ఏం చేస్తుంది పాపం, నువ్వు నొక్కిందే చూపిస్తుంది.

నాకు కోపం యంత్రం మీద కాదు. క్లార్క్స్ టేబుల్స్ పోయినందుకు నాకేమీ దుఃఖం లేదు. లాగరిథమ్ వెతికి, తేడా కాలమ్ కలిపి, యాంటీ లాగ్ తీసి, వరస తప్పి, మళ్లీ మొదటికొచ్చి, ఇదంతా బుద్ధి వికాసం అని ఎవరైనా అంటే నమ్మకండి. వేళ్లకి చెమట, కళ్లకి అద్దాలు, అంతే. కానీ స్లైడ్ రూల్‌లో ఒక గుణం ఉండేది. అది అంకెలు ఇస్తుంది గానీ దశాంశ బిందువు ఇవ్వదు. 424 అని చూపిస్తుంది. అది 4.24 ఓ, 42.4 ఓ మనమే తేల్చుకోవాలి. అందుకని జవాబు దరిదాపుల్లో ఎంతుండాలో ముందే మనసులో వేసుకోకపోతే దాంతో పని జరగదు. ఆ అలవాటే ఇప్పుడు కనబడటం లేదు.

ఆ అలవాటు కోసమే మా రోజుల్లో అట్టముక్క ప్రయోగం చేయించేవారు. బొమ్మని అట్ట మీద గీసి కత్తిరించి, అంచు దగ్గర గుండుసూదితో స్వేచ్ఛగా వేలాడదీసి, అదే సూది నుంచి బరువు కట్టిన దారం వదిలి, దారం వెంట గీత గీయాలి. మరోచోట గుచ్చి మరో గీత. రెండూ కలిసినచోట పెన్సిల్ మొన మీద పెడితే అట్ట నిలబడుతుంది. సన్నని ఎల్ ఆకారం అట్ట ఇస్తే ఆ రెండు గీతలూ అట్ట బయట, గాల్లో కలుస్తాయి. అప్పుడు పిల్లల మొహాలు చూడాలి! సెంట్రాయిడ్ వస్తువులోనే ఉండి తీరాలన్న రూలేమీ లేదని నోటితో ఎన్నిసార్లు చెప్పినా తలకెక్కనిది అక్కడ ఎక్కేస్తుంది.

"ఇప్పుడు అవన్నీ ఎందుకు తాతగారూ, ఆటోక్యాడ్ ఉందిగా" అంటాడు మావాడు. ఉంది, చూశాను. బొమ్మని రీజియన్ చేసి మాస్‌ప్రాప్ అని కొడితే వైశాల్యం, సెంట్రాయిడ్, మూమెంట్ ఆఫ్ ఇనర్షియా అన్నీ వరసగా రాలతాయి. చక్కని పనిముట్టు. యంత్రంతో మూమెంట్లు తీయడం కొత్తేమీ కాదు కూడా. వంకర గీత చుట్టూ మొన తిప్పితే వైశాల్యం చెప్పే ప్లానిమీటర్‌ని ఆమ్‌స్లర్ అనే ఆయన 1854లోనే చేశాడు, మూమెంట్లు చెప్పే యంత్రాన్నీ తర్వాత చేశాడు. అయితే అది వాడేవాడు మొన చేత్తో పట్టుకుని అంచు వెంట తిప్పేవాడు, ఆకారమేమిటో వాడికి తెలిసేది. మావాడు బొమ్మని తప్పుగా స్కేలు చేసి, మిల్లీమీటర్లకీ మీటర్లకీ తేడా లేకుండా, దశాంశం తర్వాత అంకెలన్నీ పొల్లుపోకుండా నోట్సులో ఎక్కించుకున్నాడు.

ఈ సెంట్రాయిడ్ ఎందుకురా బాబూ అంటే, మార్కులకి అంటారు. ఆనకట్ట దగ్గర నిలబడి చెప్పించుకుంటే తెలుస్తుంది ఎందుకో. నీటి ఒత్తిడి పైన సున్నా, లోతుకి పోయేకొద్దీ ఒకే తీరుగా పెరుగుతుంది. కాగితం మీద గీస్తే త్రిభుజం. త్రిభుజం సెంట్రాయిడ్ భూమి నుంచి మూడో వంతు ఎత్తులో ఉంటుంది. కాబట్టి 90 మీటర్ల లోతు నీళ్లు కట్టని తోసే తోపంతా అడుగు నుంచి 30 మీటర్ల దగ్గర పనిచేసినట్టు లెక్క. ఇక కట్ట కోత, నీటివైపు నిలువుగోడ ఉన్న లంబకోణ త్రిభుజం అనుకోండి. దాని బరువు ఆ గోడ నుంచి అడుగు వెడల్పులో సరిగ్గా మూడో వంతు దగ్గర దిగుతుంది. జలాశయం ఖాళీగా ఉన్నప్పుడు భారం అక్కడ. నీళ్లు నిండేకొద్దీ ఆ భారరేఖ అవతలికి జరుగుతుంది. అది గోడ నుంచి మూడింట రెండు వంతుల గీత దాటకూడదు. దాటిందా, నీటివైపు మడమ దగ్గర లాగుడు పుడుతుంది. రాతికట్టడం ఎంత నొక్కినా ఓర్చుకుంటుంది గానీ లాగితే ఓర్చుకోదు. ఆ హద్దు దాటకుండా వెడల్పు ఎంతుండాలంటే, ఎత్తుని కట్టడం సాపేక్ష సాంద్రత వర్గమూలంతో భాగించాలి. సాంద్రత 2.4 అయితే 90 మీటర్ల కట్టకి 58 మీటర్లు. పునాది కింద నీటి ఎగదోపు, భూకంపం లాంటివి కలిపితే ఇంకా పెరుగుతుంది, అది వేరే సంగతి.

1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన నాగార్జునసాగర్ సుమారు 124 మీటర్ల ఎత్తు రాతి ఆనకట్ట. ఆ కాలపు ఇంజనీర్ల బల్లల మీద కంప్యూటర్లు లేవు. ఈ త్రిభుజాలూ ఈ మూడో వంతులూ వాళ్ల వేళ్ల కొసల్లో ఉండేవి. మా తరం వాళ్లం బడాయి కొట్టుకోవడానికి అదొక్కటి చాలు.

బడాయి అన్నాను కాబట్టి ఇదీ చెప్పాలి. ఈ పట్టీల కిటుకు మా తరానిదీ కాదు, ఇంటిగ్రేషన్ కనిపెట్టినవాళ్లదీ కాదు. క్రీస్తుకి పూర్వం మూడో శతాబ్దంలో ఆర్కిమెడీస్ పరావలయ ఖండం సెంట్రాయిడ్ శీర్షం నుంచి అక్షం మీద 3/5 వంతు దూరంలో ఉంటుందని నిరూపించాడు. ఇలాంటివి ఎలా తట్టేవో కూడా ఇంకో గ్రంథంలో రాసిపెట్టాడు. ఆకారాన్ని సన్నగా చీల్చి, ఆ చీలికల్ని ఊహలోని తక్కెడకి కట్టి తూచాడట. ఆ గ్రంథం మీద ఎవరో అక్షరాలు గీకేసి ప్రార్థనల పుస్తకం రాసుకుంటే, 1906లో కాన్‌స్టాంటినోపుల్‌లో హైబర్గ్ అనే పండితుడు చూసి కింది అక్షరాల్ని చదివాడు. లేకపోతే ఆర్కిమెడీస్ అలా తూచిన తీరు మనకు తెలిసేదే కాదు.

పరీక్షల సంగతి చెప్పకుండా పిల్లల్ని తిట్టడం న్యాయం కాదు. ఇప్పుడు ఈఏపీసెట్ అంటున్న ఎంసెట్‌లో 160 ప్రశ్నలు, 180 నిమిషాలు. ప్రశ్నకి నిమిషం పైచిలుకు. అందులో పెన్సిల్ చెక్కి పట్టీ ఎప్పుడు గీస్తారు? నాలుగు జవాబుల్లో మూడు కొట్టేయడం నేర్పిన చోట, ఒకటి పుట్టించడం ఎవరికి కావాలి? కోచింగ్ వాళ్లు పెట్టేది మార్కుల లెక్క. ఫీజు కట్టే తల్లిదండ్రులకీ అదే కావాలి. పిల్లలు మధ్యలో ఉన్నారు.

మొన్న ఆ కుర్రాడి చెల్లెలు వచ్చింది, ఇంటర్ రెండో సంవత్సరం. వై ఈక్వల్స్ ఎక్స్ స్క్వేర్ కింద, సున్నా నుంచి ఒకటి దాకా ఉన్న ముక్క ఇచ్చాను. ముందు వేలు పెట్టి చూపించమన్నాను. కుడివైపు కింద పెట్టింది. "బొమ్మ అటే లావుగా ఉంది కదా తాతగారూ" అంది. ఎత్తు కనుక్కోవడానికి నిలువు పట్టీ గీస్తుందనుకున్నాను, అడ్డంగా గీసింది. అడ్డంగా గీస్తే చాలామంది పొడవు దగ్గర బోల్తా పడతారు, వక్రరేఖకి ఎడమ పక్క ముక్క రాసేస్తారు. ఈ పిల్ల ఒకటిలోంచి రూట్ వై తీసేసింది. అడ్డంగా గీస్తే అర గొడవే ఉండదని ముసిముసిగా నవ్వింది కూడా. 3/4, 3/10 వచ్చాయి. సరిగ్గా ఇందాక వేలు పెట్టిన చోటే.

కానీ పట్టీ బాల్ పెన్నుతో గీసింది. స్కేలు లేదు, హ్యాచింగ్ లేదు, అక్షాలకి బాణం గుర్తులైనా లేవు. మా మాస్టారైతే పుస్తకం మూసి చేతిలో పెట్టేవారు.