సముద్రపు నత్తల్ని గుర్తుపట్టాలంటే మడకశిర దాటకండి

సముద్రపు నత్తల్ని గుర్తుపట్టడం నేర్చుకోవాలనుకునేవాళ్లు మొదటి ఏడాది సముద్రం వైపు పోనే వద్దు. మడకశిరలో ఉండండి. కాకుంటే హిందూపురం, పెనుకొండ, ధర్మవరం. అల తగలని ఊళ్లే ఈ విద్యకు మంచి బడి. ఒడ్డున రకరకాల చిప్పలు ఒకేసారి కళ్లలో పడి ఒక్కటీ గుర్తుండదు. పైగా బతికున్న కోన్ నత్తను తెలియక పట్టుకుంటే విషపు ముల్లు దింపుతుంది. దేవుడి గూట్లోని శంఖంతో ఆ భయం లేదు.

ఆ శంఖం చేతికి తీసుకోండి. ఫోను పక్కన పెట్టేయండి. ఫొటోలో రంగే ముందు కనబడుతుంది, రంగును నమ్మి చెడినవాళ్లే ఎక్కువ. మొన పైకి, నోరు మీ వైపు ఉండేలా పట్టుకోండి. నోరు కుడి పక్కనుంటే మామూలు శంఖం, ఎడమ పక్కనుంటే దక్షిణావర్తం అంటారు. అక్కడితో ఆగొద్దు. నోట్లోకి వేలు పోనిచ్చి నడిమి కాడను తడమండి. మూడో నాలుగో గట్లు వేలికి తగలాలి. ఊదే శంఖానికి మొన కోసేసి ఉంటుంది, అయినా గట్లు పోవు. తగిలితే అది టర్బినెల్లా పైరం, తూత్తుకుడి వైపు మునిగి తీసే శంఖం. జేమ్స్ హార్నెల్ 1914లో దీని మీద పుస్తకమే రాశాడు. నోరు ఎడమకుండి గట్లు లేకుంటే, అది దక్షిణావర్తమని అంటగట్టే అమెరికా తీరపు లైట్నింగ్ వెల్క్ కావచ్చు.

తర్వాత అష్టాచెమ్మా గవ్వలు. వీపున బంగారు ఉంగరం గీసినట్టుంటే మొనెటేరియా యాన్యులస్. పసుపుగా, అంచులు బొడిపెలు కట్టి ఉంటే మొనెటేరియా మొనెటా; మాల్దీవుల నుంచి ఓడల్లో బెంగాలుకొచ్చి డబ్బుగా చెల్లింది ఇదే.

నత్త రాకున్నా చిప్ప ఎంత దూరమైనా వస్తుందని మడకశిర ఇల్లే చూపిస్తుంది. అందుకే రేపు కాకినాడ ఒడ్డున ఎన్నడూ చూడని చిప్ప దొరికినా, ఈ తీరానికి కొత్త జాతి వచ్చిందని ప్రకటించకండి. ఖాళీ చిప్పలో దూరి బతికే పీత దాన్ని ఈడ్చుకొచ్చి ఉండొచ్చు, వలలో పడి వచ్చి ఉండొచ్చు. బతికున్న నత్త కనబడాలి, ఆ జాతికి మూత ఉంటే కాలికుండే ఆ మూతతో సహా. కొన్ని జాతులకు వన్యప్రాణి చట్టం రక్షణ ఉంది, ఇంటికి తేవద్దు.

కాగితం మీద చోటు, తేదీ, ఆటు సమయమా పోటు సమయమా, నేల ఇసుకా బురదా రాయండి. జాతి పేరుకు అడుగున ఖాళీ వదిలి, 1916 నుంచి ఈ పనిలోనే ఉన్న భారత జంతు సర్వేక్షణ సంస్థకు పంపండి.