కర్తలు పెద్దలు, కర్మ పిల్లలది

కడప జిల్లాకు కొత్త క్షామం వచ్చింది. సర్వనామ క్షామం. ప్రొద్దుటూరులో యూకేజీ బుడ్డోడు ‘మీ హంగ్రీ’ అంటున్నాడు. జమ్మలమడుగులో ఇంకొకడు ‘హిమ్ బీట్ ఐ’ అని పక్కవాడి మీద చాడీ చెబుతున్నాడు. పులివెందులలో ఒక చిన్నది వాళ్ళ మిస్సును చూపించి ‘హర్ కమింగ్’ అంటోంది. పెన్నలో నీళ్ళు రాకపోయినా, చెనిక్కాయ పంట ఎండిపోయినా తట్టుకున్న జిల్లా ఇది. నాలుగేళ్ళ పిల్లాడికి ‘ఐ’ ఎక్కడో, ‘మీ’ ఎక్కడో తెలియదంటే మాత్రం తట్టుకోలేకపోయింది. సాయంత్రం ట్యూషన్ పెట్టించింది.

నేరస్థుణ్ణి ఒకసారి విచారిద్దాం. వీడు మూడేళ్ళకే ‘అన్న నన్ను కొట్నాడు’ అన్నాడు. ‘నేను వాణ్ణి కొట్లే’ అని అబద్ధమూ చెప్పాడు. ‘నాకియ్యి’, ‘నాతో రా’ అన్నాడు. నేను, నన్ను, నాకు, నాతో, ఒక్కటీ గురి తప్పలేదు. ఎవరూ వర్క్‌షీటు ఇవ్వలేదు. మిఠాయి పంచేటప్పుడు ‘మనం’ అంటాడు, కుండ పగిలినప్పుడు ‘మేం కాదు’ అంటాడు. ఈ రెంటికీ ఇంగ్లీషులో ఉన్నది ఒకే ‘వి’. దారిన పోయే మనిషి వయసు, వరస, తెల్లచొక్కా చూసి వాడో, ఆయప్పో, ఆయనో, సారో క్షణంలో తేలుస్తాడు. ఆ లెక్క తప్పితే ఏమవుతుందో కూడా ఈ మూడు ఊళ్ళలో వాడికి బాగా తెలుసు. ఇంతటి పండితుడికి ప్రోగ్రెస్ కార్డులో రాసిన మాట: ‘గ్రామర్ వీక్’.

‘నాకు ఆకలైతాంది’ అనే నోటికి ‘మీ హంగ్రీ’ రాక ఇంకేం వస్తుంది? ఆకలి, జ్వరం, నిద్ర, భయం తెలుగులో మనకు వచ్చిపడేవి. వాటికి మనం కర్తలం కాము. ఇంగ్లీషువాడు ఆకలికి కూడా తనే కర్త. ‘నాకు’ అనే చోట ‘ఐ’ ఎందుకనాలో ఎవరైనా వాడికి తెలుగులో విడమరిచి చెప్పాలి. చెప్పరాదు. ఎర్రగుంట్ల దగ్గర కలమళ్ళలో క్రీ.శ. 575 నాడే తెలుగును శాసనంగా రాతి మీద నిలబెట్టిన సీమలో, బళ్ళో తెలుగు మాట్లాడితే ఫైను! పైగా పుట్టినప్పటి నుంచి వాడికి ‘మీ’ అంటే ఎదుటివాళ్ళది. ఇప్పుడు ‘మీ’ అంటే తనేనట. జేజి మీద ఒట్టేసి చెప్పినా నమ్మడు.

ఇంగ్లీషు పురుషవాచక సర్వనామాల్లో కర్తకు ఒక రూపం, కర్మకు ఒక రూపం ఉన్నవి అయిదే జతలు: ఐ-మీ, హి-హిమ్, షి-హర్, వి-అస్, దే-దెమ్. ‘యు’, ‘ఇట్’ ఎటు తిప్పినా మారవు. ఎనుము పొడిచినా, ఎనుమును పొడిచినా ఆ భాషలో ఎనుముకు ఒకటే మాట. ఎవరు ఎవర్ని పొడిచారో మాట నిలబడిన చోటును బట్టి తెలుసుకోవాలి. ప్రతి పేరుకూ విభక్తి తొడిగి వచ్చిన తెలుగు పిల్లాడికి నేర్పాల్సింది ఆ చోటు. అది వదిలేసి అయిదు జతల పట్టికను హోంవర్కు పుస్తకం నిండేదాకా రాయిస్తున్నారు.

లండన్‌లో పుట్టిన పిల్లలు కూడా రెండు మూడేళ్ళప్పుడు ‘మీ డూ ఇట్’ అంటారు, ‘హర్ డిడ్ ఇట్’ అంటారు. తల్లి సరైన వాక్యం తను అని, మాట కలుపుతుంది. మాటల్లోనే తప్పు రాలిపోతుంది. మనవాడితో మాట కలిపేదెవరు? బళ్ళో రోజంతా వాడు ‘ఐ’ అనేది అనుమతి అడిగేటప్పుడే. ‘మే ఐ గో టు టాయిలెట్ మిస్?’ ‘మే ఐ డ్రింక్ వాటర్ మిస్?’ ఉచ్చకూ నీళ్ళకూ తప్ప ‘నేను’తో పనిలేని పిల్లాడు కర్త ఎట్లా అవుతాడు? ‘మీ’ మాత్రం ఒక వాక్యంలో చక్కగా కుదురుతుంది: ‘మిస్ బీట్ మీ.’ కర్త మిస్సు, కర్మ వాడు, క్రియ బెత్తం. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ ఈ వాక్యాన్ని నిషేధించింది గానీ, వ్యాకరణానికి నూటికి నూరు.

మిస్సును తిట్టి లాభం లేదు. ఆమెకూ ఇంగ్లీషు గైడులోంచే వచ్చింది. నెలాఖరున చేతికొచ్చే జీతం వింటే ఆమె ‘షి’ కాదు, ‘హర్’ అని మీకే అర్థమవుతుంది. మరి ఫీజు కట్టే నాయనో? ప్రొద్దుటూరు బంగారం అంగట్లో గీటురాయి మీద గీసి చూపందే ముక్కుపుడకయినా కొనని ఆసామి, బడి బోర్డు మీద ‘ఇంటర్నేషనల్’ అని కనిపిస్తే గీయకుండా, తూచకుండా ఏడాది ఫీజు చెల్లిస్తాడు.

సర్కారుదీ ఇదే వ్యాకరణం. వీలైనంతవరకు బోధన మాతృభాషలో సాగాలని అదే 2009 చట్టం 29వ సెక్షన్ చెప్పింది. సర్కారు బళ్ళలో ఇంగ్లీషు మీడియం అని 2019 నవంబరులో 81వ నంబరు జీవో చెప్పింది. చెల్లదని 2020 ఏప్రిల్లో హైకోర్టు చెప్పింది. 2023లో అమెరికా సంస్థ ఈటీఎస్‌తో ఒప్పందం రాసుకుని మూడో తరగతి నుంచే టోఫెల్ పరీక్ష అన్నారు. ప్రతి వాక్యానికీ కర్త మారాడు. కర్మ స్థానంలో మాత్రం వీడే, జారిపోయే నిక్కరు ఎగలాక్కుంటూ నిలబడి ఉన్నాడు.

ఇంగ్లీషు దొర సి.పి. బ్రౌన్ 1820లో కడపకు కొలువుకొచ్చి, పండితులకు జీతాలిచ్చి కూర్చోబెట్టుకుని తెలుగుతో కుస్తీ పట్టాడు. ఆయన తెలుగు వ్యాకరణం అచ్చయింది 1840లో. దొరకు ఇరవై ఏళ్ళు. బుడ్డోడికి మొదటి యూనిట్ టెస్టు దాకా గడువు.

చేయాల్సింది పెద్ద పనేం కాదు. ఇద్దరు పిల్లల మధ్య ఒక బంతి పెట్టండి. ‘గివ్ ఇట్ టు హిమ్’ అని ఇప్పించండి. ‘హి గేవ్ ఇట్ టు మీ’ అని తీసుకున్నవాడి చేత చెప్పించండి. తప్పంటే ఒప్పు మీరు అనండి, బెత్తం అననక్కర్లేదు. చిక్కుపడిన చోట తెలుగులో విప్పండి. ఆపైన కొన్నాళ్ళు ఓపిక పట్టండి.

కాకపోతే ఇందులో ఒక ప్రమాదముంది. ఇట్లా నేర్పితే వాడికి ‘ఐ’ నిజంగానే వచ్చేస్తుంది. ఒక సాయంత్రం సంచి కింద పడేసి ‘ఐ డోంట్ వాంట్ ట్యూషన్’ అంటాడు. కర్త సరే, కర్మ సరే, క్రియ సరే. ఆ వాక్యానికి మీరు వేసేది మార్కులా, దెబ్బలా? వచ్చే ఏడాది ఫీజు కట్టకముందే తేల్చుకోండి.