పెన్నమ్మకు అమెరికా పేరు

మొత్తానికి మళ్లీ అదే మాట. వేదిక మారింది, ఫ్లెక్సీ మారింది, ఫ్లెక్సీ మీద ముఖాలు మారాయి. గండికోట మాత్రం ‘ఇండియా గ్రాండ్ కేన్యన్’గానే మిగిలింది. పోయిన ప్రభుత్వం అదే అన్నది, ఇప్పటి ప్రభుత్వమూ అదే అంటోంది. కడప జిల్లాలో రెండు పక్షాలూ కొట్టుకోకుండా ఒప్పుకున్న విషయం బహుశా ఇదొక్కటే.

సరే, పోలిక పెట్టుకున్నాం కదా, కొలుద్దాం. అరిజోనాలో ఉన్నదాని పొడవు 446 కిలోమీటర్లు. జమ్మలమడుగులో బస్సెక్కి హైదరాబాదులో దిగినా అంత దూరం రాదు. వెడల్పు కొన్నిచోట్ల 29 కిలోమీటర్లు. జమ్మలమడుగును ఒక గట్టు మీద పెడితే ప్రొద్దుటూరు అవతలి గట్టుకు చేరదు, లోయలో పడిపోతుంది, బంగారు అంగళ్లతో సహా. లోతు మైలు పైమాటే. గండికోట దగ్గర పెన్న కోసిన మన గండి లోతు సుమారు మూడు వందల అడుగులు. ఈ గట్టు మీద గొర్రెలు కాసుకునే ఆయన అవతలి గట్టు మీది ఆసామిని కేకేసి బాగోగులు అడగొచ్చు. ఓడిపోయే పందెమేదో వెతికి మరీ అందులో దిగాం.

గెలిచే పందెం లేక కాదు. వయసు చూడండి. అరిజోనా లోయ పైఅంచు రాయికి 27 కోట్ల ఏళ్లు. మన గండి రాయి వంద కోట్లు ఎప్పుడో దాటింది. భూగర్భ శాస్త్రంలో ఆ పొర పేరే ‘గండికోట క్వార్ట్‌జైట్’. ఇంకా దిగువన ‘పులివెందుల క్వార్ట్‌జైట్’, దానికీ అడుగున ‘వేంపల్లె’ పొర. తుమ్మలపల్లె యురేనియం ఉన్నది ఆ అడుగు పొరలోనే. కడప రాళ్ల గురించి చదివేవాడు ఏ దేశంలో ఉన్నా మన ఊళ్ల పేర్లు వల్లె వేయాల్సిందే. ఆ గౌరవం రాళ్లకు దక్కింది గానీ, రాళ్ల మీదున్న కోటకు దక్కలేదు.

పేరు సంగతే తేల్చుకుందాం. పావెల్ అనే ఆయన పడవలేసుకుని కొలరాడో నది వెంట పోయింది 1869లో. గ్రాండ్ కేన్యన్ అన్న పేరు లోకం నోట్లో పడింది ఆ తర్వాతే. గండికోటకు 1123లో కాకరాజు పునాది వేశాడంటారు. పెమ్మసాని నాయకులు తరతరాలు ఏలారు. గోల్కొండ తరఫున మీర్ జుమ్లా వచ్చి పట్టుకున్నాక, 1652లో టావెర్నియర్ అనే ఫ్రెంచి నగల వ్యాపారి తన సరుకు చూపించుకోవడానికి ఆయన్ని వెతుక్కుంటూ ఈ కొండెక్కాడు. ఎక్కి, చూసి, రాసి పెట్టుకున్నాడు. పావెల్ పడవలకు రెండు వందల ఏళ్ల ముందు!

ఆయన రాసినవాటిలో ఒక ముచ్చట ఉంది. ఫిరంగులు పోయించాలని మీర్ జుమ్లా గుళ్లలోని రాగి విగ్రహాలన్నీ పోగు చేయించి, మాయే అనే ఫ్రెంచివాడికి అప్పగించాడట. అన్నీ కరిగాయి. గండికోట గుడివి ఆరు విగ్రహాలు మాత్రం ఎంత మంట పెట్టినా కరగలేదట. పూజారుల్ని బెదిరించినా పని కాలేదట. చివరికి ఒక్క ఫిరంగి కూడా సవ్యంగా తయారు కాలేదట. నిజమో కట్టుకథో తర్వాత సంగతి. ఇంత కథ చేతిలో పెట్టుకుని, పిల్లలకు చెప్పకుండా, బోర్డు మీద అమెరికా పేరు రాసుకునే బుద్ధి ఎవరికి పుట్టిందో కనుక్కుని ఒకసారి దండం పెట్టాలనుంది నాకు.

ఆదివారం పొద్దున పోయి చూడండి. బెంగళూరు కార్లు బారులు తీరి ఉంటాయి. జామా మసీదు కమాను నీడలో నిలబడి ఒక కుర్రాడు సోడాలమ్మే ఆయన్ని అడుగుతున్నాడు: “అన్నా, కేన్యన్ ఇదేనా, ఇంకా ముందుకు పోవాల్నా?” ఆయన గండి వైపు చెయ్యి చూపించి, “అట్ల పో సామీ, రాళ్ల మీద పైలం” అన్నాడు. కుర్రాడు మసీదు వైపు తలెత్తలేదు. పక్కనున్న ధాన్యాగారంలోకి తొంగి చూడలేదు. మాధవరాయస్వామి గుడి గోపురం అతని సెల్ఫీలో వెనకాల పడిందేమో, అంతే.

తప్పు ఆ కుర్రాడిది కాదు. అతనికి లోయ ఉందని చెప్పి పిలిచాం. కోట ఉందని చెప్పలేదు. చెప్పకపోతే గోడకు విలువేముంటుంది? అందుకే మేకుతో పేర్లు గీకుతున్నారు, గుండె బొమ్మ వేసి బాణం గుచ్చుతున్నారు, సీసా ఎత్తి లోయలోకి విసిరి చప్పుడు వింటున్నారు. ఇక్కడ నాకు నవ్వు రాదు, ఒళ్లు మండుతుంది. చెప్పనిది కోట కథ ఒక్కటే కాదు. పైనున్న గండికోట జలాశయం నింపడానికి 2020లో తాళ్లప్రొద్దుటూరు జనం పుట్టి పెరిగిన ఇళ్లు వదిలి పోయారు. గుడారాలు, పడవలు, హోటళ్ల గురించి ఊదరగొట్టే వాళ్ల నోట ఆ ఊరి పేరు ఒక్కసారి విన్నారా? కేంద్రం 2024లో గండికోటకు 77.91 కోట్లు మంజూరు చేసింది. మంచిదే. ఆ డబ్బులో నాలుగు రాళ్లు పెట్టి, టావెర్నియర్ కథా, తాళ్లప్రొద్దుటూరు కథా తెలుగులో చెక్కిస్తే ఎవరి సొమ్ము పోతుంది?

ఈ జబ్బు ఒక్క గండికోటదే కాదు లెండి. ప్రొద్దుటూరు రెండో బొంబాయి. ప్రొద్దుటూరు అమ్మవారిశాల దసరా మైసూరు తర్వాతిది. ఒంటిమిట్ట రెండో భద్రాద్రి. మొదటి స్థానం ఎక్కడా మనకొద్దు, బరువెక్కువ. పులివెందుల దగ్గర పాపాఘ్ని నది కొండను కోసుకుని వచ్చే గండికి మాత్రం ఇంకా ఏ దేశం పేరూ తగల్లేదు. వీరాంజనేయస్వామి కాపలా ఉన్నాడు కాబట్టి సరిపోయింది.

నిజంగా మొదటి స్థానం మనదే అయినది ఒకటుంది. దాన్ని ఎవరూ ఎత్తరు. ఎర్రగుంట్ల పక్కన కలమళ్ల. 575 ప్రాంతంలో రేనాటి చోళుడు ఎరికల్ ముత్తురాజు ధనంజయుడు వేయించిన శాసనం ఆ ఊరిదే. తొలి తెలుగు శాసనంగా పండితులు చూపేది దాన్నే. 2008లో మన భాషకు ప్రాచీన హోదా వచ్చిందని సంబరాలు చేసుకున్నామే, ఆ ప్రాచీనతకు సాక్ష్యం పలికే రాళ్లలో ముందు వరసలోది ఇదే. దాని పక్కన అచ్చేసుకోవడానికి అమెరికాలో జోడీ దొరకలేదు, అందుకని ఫ్లెక్సీ ఎక్కలేదు. కలమళ్ల అంటే జనానికి ఆర్టీపీపీ థర్మల్ కేంద్రం పొగగొట్టాలే గుర్తొస్తాయి.

ఈసారి పండక్కి వచ్చిన చుట్టాలను గండికోటకు తీసుకుపోయేటప్పుడు, ఎర్రగుంట్ల మీదుగా ముద్దనూరు దారి పట్టండి. కలమళ్లలో బండి ఆపి, ఆ శాసనం దొరికిన చెన్నకేశవస్వామి గుడి ఎక్కడని అడగండి.