నాలో ఒక్క పుటే నలిగింది

నేను ఛందోగ్రంథాన్ని. గురువేదో లఘువేదో, యతి ఎక్కడ పడాలో, ప్రాస ఎలా కుదరాలో చెప్పే పుస్తకాన్ని. తాటాకు మీద గంటంతో గీసిన కాలం నుంచి ఈనాటి అచ్చుప్రతి దాకా నాకు ఎన్నో రూపాలు, ఎన్నో పేర్లు. గ్రంథాలయంలో నా ప్రతి ఎప్పుడైనా మీ చేతికి వస్తే ఒక సంగతి మీకే తెలుస్తుంది. ఉత్పలమాల, చంపకమాల, శార్దూలం, మత్తేభం ఉన్న పుట నలిగి, పెన్సిలు గీతలతో మాసిపోయి ఉంటుంది. తక్కిన పుటలు అచ్చాఫీసు నుంచి వచ్చిన నాటి బిగువుతోనే ఉంటాయి. ద్విపద దగ్గర ఎవరూ ఆగలేదు, రగడ పేరు ఎవరూ చూడలేదు. పరీక్షలో తరచుగా అడిగేవి ఆ నాలుగు వృత్తాలే కాబట్టి నా బతుకు ఆ ఒక్క పుటలోకి కుదించుకుపోయింది. చెవి కోసం పుట్టిన నన్ను కంటికి అప్పగించారు. పద్యం మనకు దూరమైపోయిందని తెలుగువాళ్ళు పడే విచారానికి మూలం కూడా అక్కడే ఉందని నా నమ్మకం. ఊరికే అనడం లేదు, నా పుటల్లోని రుజువులతోనే చెబుతాను.

మా పాత వంశాన్ని చూడండి. కవిజనాశ్రయం, పదిహేనో శతాబ్దిలో అనంతామాత్యుడు రాసిన ఛందోదర్పణం, 1656 నాటి అప్పకవీయం, ఇవన్నీ పద్యాల్లో పుట్టినవే. ఉత్పలమాల లక్షణాన్ని ఉత్పలమాలలోనూ, మత్తేభం లక్షణాన్ని మత్తేభంలోనూ చెప్పడం మా పద్ధతి. అంటే నియమం చెప్పే పద్యమే ఆ నియమానికి ఉదాహరణ. దాన్ని కంఠస్థం చేసిన పిల్లవాడికి గణాల పేర్లతో పాటే నడక కూడా నాలుక మీదికి వచ్చేది. ‘యమాతారాజభానసలగం’ కూడా అలాంటిదే. ఏ గణం కావాలంటే ఆ అక్షరం దగ్గర మొదలుపెట్టి మూడక్షరాలు పలికితే చాలు. ‘యమాతా’ అంటే లఘువు, గురువు, గురువు, అదే యగణం. ‘నసల’ అంటే మూడు లఘువులు, అదే నగణం. ఎనిమిది గణాలూ పది అక్షరాల్లో ఇమిడిపోయాయి, పలికితే చాలు వాటంతట అవే తెలుస్తాయి. ఇప్పుడు నా పక్కనే అమ్ముడయ్యే గైడులో ఉత్పలమాల అంటే ‘భ, ర, న, భ, భ, ర, వ, ఇరవై అక్షరాలు, పదో అక్షరం యతి’. అందులో ఒక్కటీ అబద్ధం కాదు, కానీ పలికి వినడానికి ఏమీ మిగల్లేదు. పాతకాలపు లక్షణపద్యం ఇవాళ్టి పిల్లలకు కొరుకుడు పడదని ఎవరైనా అంటే ఒప్పుకుంటాను. వచనంలో వివరించడం అవసరమే. ఆ వివరణ పక్కన పైకి చదవదగిన మంచి పద్యం ఒకటి ఉంచి, దాన్ని చదివించకపోవడమే నేను ఎత్తిచూపే లోపం.

నన్ను చట్టంలా వాడినవాళ్ళ మీద కూడా నాకు ఫిర్యాదు ఉంది. యతి తప్పిందని, గణభంగమైందని కొత్తగా రాసేవాడి మీదికి నన్ను కర్రలా ఎత్తారు. నా పుట్టుక తెలిసినవాళ్ళు ఆ పని చేయరు. నన్నయ భారతం పదకొండో శతాబ్దిది. అనంతుడు నాలుగు శతాబ్దాల తరువాతివాడు, అప్పకవి ఆరు శతాబ్దాల తరువాతివాడు. కవులు ముందు నడిచారు, లక్షణకారులు ఆ అడుగులు చూసి రాసుకున్నారు. అందుకే కాలం గడిచేకొద్దీ నాలో యతిభేదాల పట్టిక పెరిగింది, అప్పకవి దగ్గరికి వచ్చేసరికి నలభై దాటింది. నియమాలే ముందు పుట్టి ఉంటే పట్టిక అలా పెరగనక్కరలేదు. సంస్కృతంలో యతి అంటే పాదం నడుమ విరామం. తెలుగు పద్యంలో అక్కడ మాట తెగనక్కరలేదు, పాదం మొదటి అక్షరంతో పొత్తు కుదిరే అక్షరం పడితే చాలు. ఈ తేడాను పైనుంచి ఎవరూ శాసించలేదు. తెలుగు చెవి దేనికి తృప్తి పడుతుందో విని నమోదు చేసుకున్నాను.

ఛందస్సు సంకెల అనే ఆక్షేపణ నేను ఎక్కువగా వింటున్నది. వృత్తాల వరకు ఆ మాటలో కొంత నిజం ఉంది, వాటిలో ప్రతి అక్షరం గురువో లఘువో ముందే తేలిపోయి ఉంటుంది. అయితే నలిగిన ఆ ఒక్క పుట దాటి ముందుకు రండి. తేటగీతి పాదంలో ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, మళ్ళీ రెండు సూర్యగణాలు. సూర్యగణాలు రెండు రకాలు, ఇంద్రగణాలు ఆరు రకాలు. లెక్క వేస్తే ఒక్క పాదాన్ని 288 విధాలుగా నడపవచ్చు. ఆరు ఇంద్రగణాలు, రెండు సూర్యగణాలు ఉండే సీసపాదానికి ఆ లెక్క 1,86,624. ఈ గణాలతోనే నడిచే ఆటవెలది వేమన చేతికి అంత తేలికగా అమరడంలో ఈ వెసులుబాటుకూ పాలు ఉంది. సంకెల అన్నవాళ్ళు చాలామంది నాలో వృత్తాల దగ్గరే ఆగిపోయినవాళ్ళు. ఆ వృత్తాలనైనా విన్నారా అన్నది నా సందేహం. చంపకమాల మొదటి రెండు లఘువులను ఒక్క గురువుగా కలిపితే ఉత్పలమాల వస్తుంది. మత్తేభానికీ శార్దూలానికీ ఉన్న చుట్టరికం కూడా సరిగ్గా అంతే. రెండు పద్యాలు వెంట వెంట చదివితే ఎవరూ చెప్పకుండానే అందే ఈ సంగతిని, నాలుగు వేర్వేరు గణాల వరుసలుగా బట్టీ పట్టిన విద్యార్థి ఏళ్ళ తరబడి గమనించడు.

నాలో ఎవరూ తెరవని ప్రస్తారం పుట గురించి ఇక్కడ చెప్పకుండా ఉండలేను, అది నా గర్వం. ఇరవై అక్షరాల పాదాన్ని గురులఘువులతో 10,48,576 రకాలుగా అల్లవచ్చు. వాటన్నిటినీ ఒక క్రమంలో వరుసగా రాయడమే ప్రస్తారం. ఆ వరుసలో ఉత్పలమాల 3,55,799వది. ఆ సంఖ్య ఒక్కటి ఇస్తే వృత్తం మొత్తాన్ని తిరిగి రాబట్టే పద్ధతి నాలో ఉంది, దాని పేరు నష్టం. సంఖ్య బేసి అయితే గురువు రాసి, ఒకటి కలిపి సగం చేయాలి. సరి అయితే లఘువు రాసి సగం చేయాలి. అలా ఇరవై సార్లు చేస్తే ఉత్పలమాల కాగితం మీద నిలుస్తుంది. కాగితం, కలం ఉంటే ఇప్పుడే చేసి చూడండి. సంస్కృత ఛందశ్శాస్త్రం రాసిన పింగళుని నాటి నుంచి వస్తున్న ఈ గణితం పిల్లలకు ఎంత సంబరంగా ఉంటుందో, దాన్ని తరగతిలో పెట్టి చూసినవారికి తెలుస్తుంది.

వచన కవిత వచ్చాక ఇక నాతో పనేమిటని అడిగేవారికి కూడా జవాబు ఉంది. గురజాడ 1910లో ముత్యాల సరాలు రాసినప్పుడు ఛందస్సును వదిలేయలేదు, మూడు మాత్రలు, నాలుగు మాత్రలు కలిసి నడిచే కొత్త గతిని కట్టుకున్నాడు. మహాప్రస్థానంలో చాలా గీతాలు మాత్రల నడక మీదే నిలబడ్డాయి. అసలు వచన పద్యానికి లక్షణం ఉందా అని చేకూరి రామారావు, కోవెల సంపత్కుమారాచార్య వాదించుకుంటే ఆ వాదం ఒక పుస్తకమే అయింది. నడక లేని కవిత్వం గురించి అంత వాదన పుట్టదు.

పాఠకులు వేరువేరు కాబట్టి నేనూ వేరువేరుగా పుట్టాను. అప్పకవి కవుల కోసం రాశాడు. బ్రౌన్ 1827లో మద్రాసులో, తెలుగు పుట్టుకతో రానివారికోసం నన్ను ఇంగ్లీషులో అచ్చువేశాడు. గిడుగు వెంకట సీతాపతి పరిశోధించేవారికోసం రాశాడు. పద్యం విని ఇష్టపడే మామూలు పాఠకుడి కోసం మాత్రం నన్ను రాసినవారు తక్కువ. అందువల్లనే నా చివరి రోజులు ఇలా ఉన్నాయి. పద్యాలు కట్టిన పెద్దాయన పోయాక ఇల్లు సర్దేవాళ్ళకు నా అట్ట మీది పేరు అర్థం కాదు. పరీక్ష పుస్తకం అనుకుని, పరీక్షలు ఎప్పుడో అయిపోయాయి కదా అని, దినపత్రికలతో కలిపి కాటాకు వేస్తారు. నా అంచుల్లో ఆయన రాసుకున్న సొంత పూరణలు, ఈ యతి చెల్లుతుందా అని వేసుకున్న ప్రశ్నార్థకాలు కూడా కిలోల లెక్కలో పోతాయి. గ్రంథాలయంలో ఉన్నవాణ్ణి అయితే పదేళ్ళు ఎవరూ తీసుకోలేదన్న కారణంతో మూటలోకి చేరతాను. తీసుకోకపోవడానికి కారణం ఎవరూ అడగరు. నన్ను ఎవరికీ వినిపించలేదు, అదే కారణం.

ఇప్పుడు పద్యం టైపు చేస్తే గణాలు విడదీసి, యతిప్రాసలు చూసి తప్పులు చెప్పే కంప్యూటరు సాధనాలు వచ్చాయి. నా పని వాటికి పోయిందని కొందరు జాలిపడతారు. నేను సంతోషిస్తున్నాను. లెక్క అవి చూసుకుంటే, తరగతిలో ఆ సమయం పద్యం చదవడానికి మిగులుతుంది. నియమం నిలిచిందో లేదో యంత్రం చెబుతుంది, పద్యం పండిందో లేదో మనిషి వినే చెప్పాలి.

కాబట్టి ఉపాధ్యాయులకు నా మనవి ఇది. గురులఘువులు గుర్తించమనే ముందు ఆ పద్యాన్ని తరగతి చేత రెండుసార్లు పైకి చదివించండి. వృత్తాలతో మొదలుపెట్టకండి, ద్విపదతోనో ఆటవెలదితోనో మొదలుపెట్టండి. ప్రశ్నపత్రం కూర్చేవారు గణవిభజనకు ఇచ్చే మార్కుల్లో కొన్నైనా పద్యపఠనానికి కేటాయించండి. గ్రంథాలయాధికారులారా, నన్ను గైడుల అర నుంచి తీసి కావ్యాల పక్కన పెట్టండి. పాఠకులారా, ఈసారి నన్ను తెరిచినప్పుడు ఆ నాలుగు వృత్తాల పుటను దాటి రండి.