స్నాబ్ కాదలచినవారికి కొన్ని చిట్కాలు

నలుగురిలో గొప్పగా కనబడటానికి డబ్బక్కర్లేదు, కనుబొమ్మలుంటే చాలు. లాటిన్‌లో కనుబొమ్మని సూపర్‌సిలియం అనేవారు. టెక్కు పోయేవాణ్ణి ఇంగ్లీషులో సూపర్‌సిలియస్ అనడం దాన్నుంచే వచ్చింది. కాబట్టి రోజూ పొద్దున్నే అద్దం ముందు నిలబడి ఎడమ కనుబొమ్మ ఒక్కదాన్నే లేపడం సాధన చెయ్యండి. మొదటి వారం రెండూ లేస్తాయి. కరెంటు బిల్లు చూసినవాడిలా ఉంటారు. ఓపిక పట్టండి.

కనుబొమ్మ దారికొచ్చాక నోటికి పని చెప్పాలి. ఎవరి నోటైనా 'స్నాబ్' అన్న మాట రాగానే అందుకోండి: "అది లాటిన్ అండీ. సినే నోబిలిటాటె, అంటే గొప్ప వంశం కానివాడు. పెద్ద యూనివర్సిటీల్లో మామూలు ఇళ్ళ పిల్లల పేర్ల పక్కన పొట్టిగా 'ఎస్. నాబ్.' అని రాసేవాళ్ళు." ఇది కట్టుకథేనని నిఘంటువులవాళ్ళు మొత్తుకుంటూనే ఉన్నారు. మీరు మానకండి. పెళ్ళి భోజనాలకి నిఘంటువు చంకన పెట్టుకొచ్చేవాడెవడు?

అసలు సంగతి మాత్రం పొక్కనివ్వకండి, మన పరువు పోతుంది. 18వ శతాబ్దం చివర్లో ఇంగ్లండులో స్నాబ్ అంటే చెప్పులు కుట్టేవాడు. కేంబ్రిడ్జి విద్యార్థులు ఆ మాటని ఊళ్ళోవాళ్ళకి అంటగట్టారు. యూనివర్సిటీవాడు కాకపోతే చాలు, స్నాబే. పోనుపోను ఎవరికీ లెక్కలేని మామూలు మనిషి స్నాబ్ అయ్యాడు. కలకత్తాలో పుట్టిన ఇంగ్లీషు రచయిత థాకరే 1846-47లో పంచ్ పత్రికలో స్నాబులని వరసపెట్టి ఉతికాడు, 1848లో పుస్తకం కూడా వేశాడు. పత్రికలో పేరు బదులు 'వాళ్ళలో ఒకడు' అని పెట్టుకున్నాడు, ఘటికుడు. ఆయన చేతిలో స్నాబ్ అంటే పైవాళ్ళని చూసి వాతలు పెట్టుకునేవాడు. కిందివాళ్ళని చిన్నచూపు చూసేవాడన్న అర్థం ఆ తర్వాత గట్టిపడింది. కింద కూర్చున్నవాడి పేరు మేడెక్కిందన్నమాట!

మొన్నొక పెళ్ళిలో ఈ లాటిన్ కథ నేనూ వదిలాను. పక్కన రిటైరైన మేష్టారు "కాదేమో బాబూ" అన్నారు. ఎడమ కనుబొమ్మ లేపాను. ఆయన తల వంచుకుని పప్పులో నెయ్యి కలుపుకున్నారు. చూశారా, పనిచేస్తుంది!

బయటికొచ్చి నాలుగడుగులు వేశానో లేదో చెప్పు తెగింది. వీధి మలుపులో గొడుగు కింద చెప్పులు కుట్టే పెద్దాయన. చెప్పు ఆయన చేతిలో, నా కాలు పాత పేపరు మీద. ఎంతన్నాను. ఇరవై అన్నాడు. బేరం నోటితో ఎందుకని కనుబొమ్మ లేపాను.

పెద్దాయన సూది ఆపి నా మొహంలోకి చూశాడు. "కంట్లో నలుసు పడిందా సారూ?"